రాతి మీద పిండి, పక్కన నిమ్మడిప్పలు

మీ ఇంటి బిడ్డకు చలిజ్వరం వస్తే మీరు ముందు దోమను వెతుకుతారా, మనిషిని వెతుకుతారా?

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడు, వానలు వెనకబట్టిన రోజుల్లో, పురావస్తు శాఖ సహాయ సంచాలకుడిగా నన్ను చెన్నూరు వైపు ఒక ఊరికి పంపారు. అక్కడి పత్తి చేనులో శాసనం ఉందని ఒక ఔత్సాహిక చరిత్ర బృందం మాకు రాసింది. దాన్ని చూసి నిర్ధారించడం నా పని. మా శాఖలో సిబ్బంది తక్కువ. సెలవు రోజుల్లో సొంత ఖర్చుతో తిరిగే ఇలాంటి బృందాలు లేకపోతే చాలా రాళ్ల జాడే మాకు తెలియదు. ఈ బృందానికి పెద్ద రాజమల్లు, జమ్మికుంటలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన పంతులు.

శాసనం నకలు తీయడానికి మా పద్ధతి వేరు. రాయిని కడిగి, తడి కాగితం అద్ది, కుంచెతో కొట్టి, పైన సిరా అద్దుతాం. బృందాల దగ్గర ఆ సరంజామా ఉండదు. అందుకని వాళ్లు రాతి మీద పిండి రాసి తుడుస్తారు. చెక్కిన గీతల్లో పిండి నిలిచి అక్షరాలు తేలుతాయి. ముందటి ఆదివారం రాజమల్లు వాళ్లు అదే చేశారు. ఫొటోలు తీసుకున్నారు. ఎండకు దప్పికై నిమ్మరసం కలుపుకొని తాగి, పిండిన డిప్పలు రాతి పక్కనే పారేసి వచ్చారు.

నేనూ రాజమల్లూ జీపు దిగేసరికి చేను గట్టు మీద ఊరంతా ఉంది. చేను యజమాని పోశం మనవడు ఆ వారమంతా చలిజ్వరంతో పడి ఉన్నాడు. పిండి, నిమ్మడిప్పలు, జ్వరం. మూడూ కలిపి ఇది చేతబడేనని ఊరు తీర్పు చెప్పేసింది.

“మల్ల వచ్చినవా మాస్టరూ? మొన్న పోసిన ముగ్గు సరిపోలేదా?” అన్నాడు పోశం.

నేను గుర్తింపు కార్డు చూపించాను. “లంకెబిందెల దొంగలు సుత కార్డులు వట్టుకొనే తిరుగుతరు” అన్నారెవరో. అందరూ నవ్వారు. ఫోన్ తీయబోతే లాక్కున్నారు.

రాతి మీదున్నది ఉత్త రాత అని నిరూపించాలనుకున్నాడు రాజమల్లు. రాతి దగ్గర వంగి, సంస్కృతంలో ఉన్న మొదటి పంక్తిని గట్టిగా చదివాడు.

“మంత్రం సదువుతుండు! నోరు మూయిన్రి వానిది!” అని ఒక ఆడమనిషి కేక పెట్టింది.

ఇద్దరు అతడి రెక్కలు విరిచి పట్టుకున్నారు. ఇంకొకడు పట్కారుతో ముందుకు వచ్చాడు. పళ్లు పీకేస్తే నోట మంత్రం సరిగా పలకదని, ఇక పారదని ఇక్కడ కొందరి నమ్మకం. చేతబడి నింద పడ్డవాళ్ల పళ్లు పీకిన సంగతి అంతవరకు పేపర్లలోనే చదివాను.

రాజమల్లు పట్కారు వైపు చూస్తూ అన్నాడు. “బిడ్డా, నా పండ్లు యాడికి వోవు. పోరన్ని దవాఖానల జూపెట్టిన్రా?”

తాయెత్తు కట్టించారు, అంతే.

“నన్ను గీడనే కట్టేసుకోన్రి. గా జీపుల పోరన్ని చెన్నూరు తీస్కపోన్రి. పోరడు దక్కకపోతే మీ ఇష్టం.”

పోశం భార్య లచ్చవ్వ కదిలింది. “పా, తీస్కపోదాం. గీ ముసలాయన ఉరికి యాడికి వోతడు?” అని పిల్లవాణ్ణి ఎత్తుకొచ్చి జీపు ఎక్కింది. ఊరివాడొకడు దాన్ని తోలుకెళ్లాడు. రాజమల్లును మోటారు దగ్గరి కరెంటు స్తంభానికి కట్టేశారు. నన్ను పక్కన కూర్చోబెట్టారు.

సభల్లో మూఢనమ్మకాలను చీల్చి చెండాడినవాణ్ణి. ఆ గట్టు మీద నా నోటికి ఒక్క వాదనా రాలేదు. వైద్యం ఆలస్యమైన జ్వరం ముందు మందు ఓడిపోవచ్చునని నాకు తెలుసు. పిల్లవాడు దారిలో పోతే దోమ వల్ల పోయాడని అక్కడ ఎవరూ అనరు. పట్కారు పట్టుకున్నవాడు దాన్ని తెరుస్తూ, మూస్తూ మా ఎదురుగా కూర్చున్నాడు. రాజమల్లు పెదవులు బిగించుకొని, ముక్కుతోనే ఊపిరి తీస్తున్నాడు.

పొద్దు వాలుతుండగా పోశం ఫోన్ మోగింది. రక్తపరీక్షలో మలేరియా అని తేలిందట. సూది మందు ఇచ్చి సెలైన్ పెట్టారట. పిల్లవాడు కళ్లు తెరిచి నీళ్లడిగాడట. పోశం తన చేతులతోనే కట్లు విప్పాడు.

“మంచిగ జేసినవ్ మాస్టరూ. వాపసు తీస్కున్నవ్.”

“నేనేం వాపసు తీస్కోలే పటేలా. సూది మందు జేసింది.”

“గదే, గదే” అని నవ్వాడు పోశం.

మేం మంత్రం వెనక్కి తీసుకున్నామనుకునే వదిలేశాడు. ఆ రోజు హేతువు గెలవలేదు. బిడ్డ బతికాడు గనుక మేం బతికాం. ఆ తర్వాత బృందం పిండి రాయడం మానేసింది. ఊరివాళ్లను పిలిచి, పని ఏమిటో చెప్పాకే రాయిని ముట్టుకుంటోంది. మంచి పద్ధతే. కానీ తప్పు పిండిది కాదు. ఆ గుంపులో డిగ్రీలు చదివినవాళ్లున్నారు, మలేరియా అంటే ఏమిటో తెలిసినవాళ్లున్నారు. ఒక్కరూ నోరు విప్పలేదు.

మీ ఊళ్లో ఎవరి మీదైనా ఈ నింద పడితే చివరి వరుసలో నిలబడి చూడకండి. పోలీసులకు ఫోన్ చేయండి. గుంపును చీల్చుకొని ముందుకు వెళ్లి “ఇది అబద్ధం” అని మీ నోటితో అనండి. రోగిని మీ బండిలోనే దవాఖానకు తీసుకెళ్లండి.