బొమ్మలకు బట్టలు తొడిగేవాడు

మా తమ్ముడు దర్జీ. యూనివర్సిటీలో పనిచేస్తాడంటే వాడేదో పెద్ద చదువు వెలగబెట్టాడనుకుంటారు జనం. వాడు చదివింది తక్కువ, కత్తిరించింది ఎక్కువ. రెడీమేడ్ కొట్లొచ్చి వాడి మిషను మీద దుమ్ము పేరుకుంటున్న రోజుల్లో ఒకావిడ వచ్చి, ఇసుక పోసుకోవడానికి మందపాటి గుడ్డ సంచులు కుట్టిపెడతావా, మనిషి ఆకారంలో ఉండాలి, అని అడిగింది. వీడు టేపు మెడలోంచి తీస్తూ, "ఆడమనిషా అండీ, మగమనిషా?" అన్నాడట. ఆవిడ పకపకా నవ్వి, మా దగ్గరే ఉద్యోగంలో చేరిపోకూడదా అంది. యూనివర్సిటీ వెనకవైపున్న భద్రతా పరిశోధన కేంద్రానికి ఆవిడే పెద్ద. అందరూ పెద్ద మేడం అంటారు.

ఎక్కడైనా బాంబు పేలితే గోడ ఎటు కూలుతుంది, అద్దాలు ఎంత దూరం ఎగురుతాయి, లోపలున్న మనుషులు ఏమవుతారు, ఇదీ వాళ్ళ చదువు. ఊరవతల వాళ్ళకో మైదానం ఉంది. అక్కడ ఒక ఆఫీసు గదో, బస్టాండు ముక్కో అచ్చం అసలుదానిలాగే కడతారు. అందులో ఇసుక బొమ్మల్ని కూర్చోబెట్టి, పేల్చి, ఫిలిం తీసి, తర్వాత ముక్కలన్నీ ఏరుకుంటారు. "కట్టుకోవడమెందుకు, కూల్చుకోవడమెందుకురా? దీనికి జీతాలు కూడానా!" అని నేను ఆటపట్టిస్తే మా వాడికి కోపమొచ్చేది. "నవ్వకక్కా. అక్కడ బొమ్మ చస్తే ఇక్కడ మనిషి బతుకుతాడు" అనేవాడు. ఆ మాట వాడు మనస్ఫూర్తిగా నమ్మాడు.

బొమ్మలకు బట్టలు తొడగడం కూడా వాడి పనే. కొత్త గుడ్డలో గంజి ఉంటుంది, బిర్రుగా ఉంటుంది, అది చిరిగే తీరు వేరు. జనం ఒంటిమీద ఉండేవి ఉతికి ఉతికి మెత్తబడ్డ బట్టలు కదా, అవే కావాలంది పెద్ద మేడం. దాంతో కేంద్రంలో పనిచేసే వాళ్ళంతా ఇంట్లో పాతబట్టలు మూటగట్టి తెచ్చేవాళ్ళు. గుమాస్తా చొక్కా, డ్రైవరు ప్యాంటు, నా పాత కోటు. "ఇవాళ గుమాస్తాగారు పోయారండోయ్" అని నవ్వుకునేవాళ్ళట. నా కోటును మా వాడు ఎన్నిసార్లు అతుకులేసి మళ్ళీ పేల్చాడో, నా మీద అంత కక్షేమిటో!

ఆ నవ్వులాటలోనే తెలివి తక్కువ పని చేశాడు. ఒకసారి రైల్వే స్టేషన్ కట్టారు. మన స్టేషన్లోలాగే వెయిటింగ్ హాలు, ఒక పక్కంతా నిలువెత్తు అద్దాలు, కింద బల్లలు. స్టేషనన్నాక పిల్లలుంటారు కదా, ఈసారి పిల్ల బొమ్మ కూడా కావాలన్నారు. మా వాడింట్లో కూతురికి పొట్టయిపోయిన పసుపుపచ్చ గౌను ఉంది. పిల్ల మొదటిసారి బడికెళ్ళేటప్పుడు వాడే కుట్టాడు. ఆ పిల్లను మేమంతా పిట్ట అని పిలుస్తాం, పొద్దున లేచిన దగ్గర్నుంచీ కిచకిచలాడుతూనే ఉంటుంది. అందుకని గౌను జేబుమీద రంగుదారంతో ఒక పిట్టను కూడా కుట్టాడు. ఆ గౌను తీసుకెళ్ళి బొమ్మకు తొడిగి అద్దాల కింద బల్లమీద కూర్చోబెట్టాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన సంగతని తట్టనే లేదు వాడికి. వాడి కంటికది ఒట్టి పాతగుడ్డ.

కొన్నాళ్ళకి కేంద్రం వాళ్ళు బడిపిల్లల్ని పిలిచి తమ పనంతా చూపించారు. పిట్ట క్లాసు కూడా వెళ్ళింది. మా నాన్న ఆఫీసు, మా నాన్న ఆఫీసు అని దారంతా ఒకటే గొప్పలట. హాల్లో దీపాలార్పి ఫిలిం వేశారు. బల్లమీద పసుపు గౌను బొమ్మ. ఒక్క మెరుపు. అద్దాలన్నీ ఒక్కసారిగా లోపలికి వచ్చిపడ్డాయి. తర్వాత కెమెరా దగ్గరికి తీసుకెళ్ళి చూపించారు. జేబుమీద పిట్ట అలాగే ఉంది. దానికి పైన మెడా లేదు, తలా లేదు. పెద్ద మేడం మైకు పట్టుకుని, "ఇలాంటి పరిశోధనల వల్లే మనం భద్రంగా ఉన్నాం పిల్లలూ" అంది. వెనక నిలబడ్డ మా వాడికి అప్పటిగ్గానీ వెలగలేదు. పిల్ల కోసం చీకట్లో వెతుక్కున్నాడు. అది ఏడవలేదట. తండ్రి వైపు తిరిగి చూసిందట, అంతే.

ఆ రోజు నుంచి మా పిట్ట నోరు మూతబడింది. కిటికీ పక్కనున్న మంచం తనే లాక్కెళ్ళి గోడకు చేర్చుకుంది. బడి ఏటికి అవతల, రైలు తప్ప దారిలేదు. స్టేషన్ గేటు కనబడగానే ఊచలు పట్టుకుని వేలాడేది. మిగతా పిల్లలు కూడా అద్దాల వైపు పోకుండా ఇవతలి ఇటుకగోడకు అంటుకుని నిలబడుతున్నారని మా మరదలు చెప్పింది. వాళ్ళు భయపడుతూనే అయినా రైలెక్కుతున్నారు, ఇది అదీ లేదు. ఇంకొన్నాళ్ళు రాకపోతే పేరు తీసేస్తామని బడి వాళ్ళు కబురు పెట్టారు.

చివరికి ఒక సాయంత్రం పిట్ట తండ్రిని అడిగింది. "ఆ బొమ్మ నేనేనా?"

"ఛ ఛ, బొమ్మ బొమ్మేనమ్మా."

"మరి మన స్టేషన్లో ఆ అద్దాలు మార్చేశారా?"

మార్చేసే ఉంటారని వాడి నమ్మకం. అయినా మా వాడు ఒట్టి సత్యవంతుడు కదా, కనుక్కుని చెప్తానన్నాడు. మర్నాడు పెద్ద మేడం గదికి వెళ్ళి అడిగాడు. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "పాత అద్దాలేనయ్యా. మేం రైల్వే వాళ్ళకి రిపోర్టు ఇచ్చాం. మార్చడం వాళ్ళ పని, మన చేతిలో లేదు" అంది. తర్వాత మెల్లగా, "లోపలి సంగతులు బయట చెప్పనని చేరేటప్పుడు సంతకం పెట్టావు, గుర్తుందిగా? ఏ అద్దం బలహీనమో నలుగురికీ తెలిస్తే చెడ్డవాళ్ళకీ తెలుస్తుంది" అంది. ఆ మాటలో నిజం లేకపోలేదు.

వాడు అక్కణ్ణుంచి తిన్నగా మా ఇంటికి వచ్చాడు. నీళ్ళిస్తే తాగలేదు. "అక్కా, ఇన్నేళ్ళలో ఎన్ని బొమ్మల్ని కూర్చోబెట్టానే! ఒక్క అద్దమైనా మార్చారో లేదో కూడా నాకు తెలీదు" అన్నాడు. ఆ కేంద్రం మీద నాకు ఒళ్ళు మండిపోయింది. గౌను కోసం బజారుకెళ్ళడం చేతకాని వాళ్ళు దేశాన్ని కాపాడతారట!

ఆ రాత్రి వాళ్ళింట్లో అన్నాల దగ్గర, పిల్ల పక్కగదిలో ఉండగా, మరదలు నా మీద పడింది. "మీరైనా చెప్పండి వదినా. మార్చేశారని ఒక్క మాటంటే పిల్ల మామూలు మనిషవుతుంది. రోజూ ఎంతమంది కూర్చోవడం లేదక్కడ? ఏమైంది వాళ్ళకి?"

"రేపేదైనా అయితే?" అన్నాడు వాడు.

"ఏమీ కాదు. ఇలాగే గోడకంటుకుని పెరిగితే మాత్రం అది ఎందుకూ పనికి రాదు."

ఇద్దరూ నా మొహం చూశారు. ఆవిడ చెప్పిందీ నిజమే, వాడి భయమూ నిజమే. "నీ పిల్ల, నీ ఇష్టంరా" అన్నాను. ఇంకేమనను?

వాడు లేచి పక్కగదిలోకి వెళ్ళాడు. తలుపు దగ్గర్నుంచి నేను చూస్తూనే ఉన్నాను.

"కనుక్కున్నానమ్మా. అద్దాలన్నీ మార్చేశారు."

"నిజంగా?"

"నిజంగా."

"నామీద ఒట్టు?"

వాడి చెయ్యి జేబులోంచి రాలేదు. పిట్టే దాన్ని బయటికి లాగి తన నెత్తిమీద పెట్టుకుంది. వాడు "ఒట్టు" అన్నాడు. అది అమాంతం వాడి మెడ పట్టుకుని, ఇన్నాళ్ళు దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది. నా వెనక మరదలు కూడా ఏడుస్తోంది, ఆవిడది సంతోషం. వాడు మాత్రం ఏడవలేదు.

మర్నాడు నేనూ వాళ్ళతో స్టేషన్‌కి వెళ్ళాను. గేటు దగ్గర పిట్ట ఒక్క క్షణం ఆగింది, తండ్రి మొహంలోకి చూసి లోపలికి నడిచింది. హాల్లో జనం, సంచులు, టీ గ్లాసుల చప్పుడు, అంతా మామూలే. మా వాడు దాన్ని ఇటుకగోడ వైపు నడిపించబోయాడు. అది చెయ్యి విడిపించుకుని అద్దాల కింద బల్ల దగ్గరికి పరిగెత్తింది.

"నాన్నా, ఇక్కడ ఎండొస్తోంది, ఇక్కడ కూర్చుందాం! చూడు, కొత్త అద్దాలు ఎంత మెరుస్తున్నాయో!"

వాడు వెళ్ళి, వీపు అద్దాల వైపు పెట్టి కూర్చుని, పిల్లను ఒళ్ళోకి లాక్కుని రెండు చేతులూ దాని చుట్టూ వేశాడు. ఏ ముక్క ఎటు ఎగురుతుందో, ఎంత ఎత్తులో తగులుతుందో తెలిసినవాడు వాడొక్కడే ఆ హాల్లో.

"ఏంటి నాన్నా, ఊపిరాడట్లేదు" అని నవ్వింది అది. ఎన్నాళ్ళకు విన్నానో ఆ నవ్వు!

ఇంతలో దాని క్లాసు పిల్లలు వచ్చారు. వచ్చి రోజూలాగే ఇటుకగోడకు అంటుకుని నిలబడ్డారు. పిట్ట తండ్రి చేతుల్లోంచి మెడ బయటపెట్టి హాలంతా మారుమోగేలా అరిచింది.

"ఏయ్, ఇటు రండి! భయం లేదు! అద్దాలు మార్చేశారు, మా నాన్న ఒట్టేసి చెప్పాడు!"

పిల్లలు మా వాడి వంక చూశారు. ఆ ఆఫీసులో పనిచేసే మనిషే స్వయంగా కూర్చున్నాడు కదా అక్కడ. వాడు పిట్టను ఇంకా దగ్గరికి హత్తుకున్నాడు. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు గోడను వదిలి, సంచులు ఊపుకుంటూ పరిగెత్తుకొచ్చి, వాడికి రెండువైపులా బల్ల నిండా కూర్చున్నారు.