గీత పడని రోజు

నా చిన్నప్పుడు, మా పెద్దలు సముద్రం దాటి వలసొచ్చిన నగరంలో, తాకేటా పేటలో మేముండే అద్దె ఇంటి ముందుగదిలో, ఆ ఉదయం ఉన్నవి ఇవి: ఒక పీట, ఒక అరటిపండు, ఎనిమిది తెల్ల మాత్రలు, ఒక రూళ్ల పుస్తకం, ఒక పెన్సిలు. ఉన్నవాళ్లం నలుగురం: మా తాతయ్య, మా నానమ్మ, ఏడేళ్ల మా చెల్లి, పదేళ్ల నేను. అమ్మా నాన్నా తెల్లారకముందే బస్సెక్కి బట్టల ఫ్యాక్టరీకి వెళ్లిపోయేవారు. అందుకని మాత్రలు అరటిపండులో నొక్కి చెల్లికి తినిపించడం నా పని.

చెల్లికి మూత్రపిండాల జబ్బు. ఒంట్లో ఉండాల్సిన సత్తువ మూత్రంలో పోయేది, ఒళ్లంతా నీరు పట్టేది. ఆ మాత్రలు స్టెరాయిడ్లు. అవి వాపు తీసేశాయి. చెల్లిని కూడా తీసేసి, ఆ చోట ఇంకో పిల్లను పెట్టాయి. మొహం గుండ్రమైంది. చేపల పులుసులో సేమ్యా వేసిన మొహింగా మూడు గిన్నెలు తిని నాలుగోదానికి ఏడ్చేది. చీమలు పాకుతున్నాయని ఖాళీ గోడను చూపించి అరిచేది. నన్ను కొరికేది. నాకు ఏనుగు బొమ్మలు గీసిచ్చే పిల్ల ఎక్కడికి పోయిందో తెలిసేది కాదు. "అమ్మోరు పూనిందిరా," అంటూ నానమ్మ పసుపు నీళ్లు చల్లేది.

ఆ ఉదయం చెల్లి పీట విసిరి, "ముసిలోడా, నువ్వు సచ్చిపో!" అని తాతయ్య మీద అరిచింది. దాన్ని కొట్టడానికి చెయ్యెత్తాను. తాతయ్య నా చెయ్యి పట్టుకుని అందులో పెన్సిలు పెట్టాడు.

ఆయన ఓడరేవులో బస్తాలు లెక్కపెట్టిన గుమస్తా. బస్తాకో గీత: నాలుగు నిలువుగా, అయిదోది వాటి మీద అడ్డంగా.

"తిడతన్నది అది కాదురా, మాత్ర. డాక్టరమ్మ మీ అమ్మకి ముందే సెప్పింది. తిట్టినప్పుడల్లా ఒక గీత గియ్యి. పైన ఎన్ని మాత్రలో రాయి. నీకే తెలస్తది."

"ముసిలోడా అన్నాది. అది కూడా గియ్యాలా?"

"అది నిజమే కదరా. వదిలెయ్."

ఎనిమిది మాత్రల రోజుల్లో ఇరవైకి పైగా గీతలు పడేవి. డాక్టరమ్మ మెల్లగా తగ్గిస్తూ నాలుగుకు తెచ్చినప్పుడు ఏడెనిమిది పడ్డాయి. ఒక సాయంత్రం చెల్లి ఏనుగును గీసింది. మరుసటి వారం మళ్లీ నీరు పట్టింది. మళ్లీ ఎనిమిది మాత్రలు, మళ్లీ ఇరవై గీతలు. తాతయ్య నన్ను ఊరడించడానికి నేర్పిన లెక్కలో నేను ఇంకొకటి చదివాను: మాత్ర సున్నా అయితే గీత సున్నా.

ఆ తరవాత వట్టి అరటిపండు తినిపించడం మొదలుపెట్టాను. మాత్రలు పౌడరు డబ్బాలో దాచాను. పుస్తకంలో మాత్రం రోజూ ఎనిమిది అనే రాశాను. గీతలు పద్దెనిమిది, పదకొండు, ఆరు, మూడు, ఒకటి. ఆ పై రోజు ఒక్కటీ పడలేదు. చెల్లి గోడవైపు తిరిగి మెదలకుండా పడుకుంది. తిన్నది కక్కేసింది, ఎవరినీ తిట్టలేదు. నా చెల్లి తిరిగొచ్చిందనుకుని ఒక ఏనుగును గీసి దాని మొహం ముందు పెట్టాను. కనురెప్పలు ఉబ్బి ఉన్నాయి. తెరిచే ఓపిక దానికి లేదు.

తాతయ్య దాన్ని ఎత్తుకుని, నన్నూ వెంటబెట్టుకుని, సైకిల్ రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. లోపల సెలైన్ పెడుతుంటే, డాక్టరమ్మకు చూపిద్దామని తెచ్చిన పుస్తకాన్ని బయట బెంచీ మీద తెరిచాడు. చివరి పేజీలో సున్నా గీతల రోజు మీద వేలు పెట్టాడు.

"ఎనిమిది మాత్రలకి ఒక్క గీతా నేదేటిరా?"

డబ్బా సంగతి చెప్పాను. కొడతాడనుకున్నాను.

"ఓడలో సరుకంతా ఒక్క పక్కనించి ఒక్కసారే దింపేస్తే ఏటవద్ది? ఓడ ఒరిగిపోద్ది. ఒంటికి అలవాటైన మందు కూడా అంతేరా. మెల్లిగా దింపాల." పుస్తకం మూసి, "మీ అమ్మకి నువ్వేటీ సెప్పకు," అన్నాడు.

లోపలికి వెళ్లి డాక్టరమ్మకు, సాయంత్రం వచ్చిన అమ్మకు ఒకే మాట చెప్పాడు. "ఈ వారం మాత్రలు నేనే పెడతానన్నానమ్మా. మరిసిపోనాను." నానమ్మ అందరి ముందూ, "వయసొచ్చింది గానీ బుద్ది రానేదు," అంది. ఆ రోజునుంచి అమ్మ ఆయనతో మాట్లాడలేదు.

చెల్లి ఇంకో రెండేళ్లు బతికింది. మాత్రలు నాలుగుకు దిగేవి, ఎనిమిదికి ఎక్కేవి. అది మళ్లీ ఏనుగును గీయలేదు. అది చనిపోయిన ఏడాదే తాతయ్యా పోయాడు. అప్పటికీ అమ్మ ఆయనతో మాట్లాడలేదు. నేను ఇప్పటికీ అమ్మకు చెప్పలేదు.

ఇప్పుడు నేను అదే నగరంలో చౌక్తడా పేటలో పాత భవనాల జనరేటర్లు, లిఫ్టులు చూస్తాను. మీటరు సున్నా చూపిస్తే నాకు నిమ్మళం ఉండదు. లోపల ఏది ఆగిపోయిందో వెతుకుతాను. ఆ పుస్తకం నా దగ్గరే ఉంది. చివరి పేజీల్లో అబద్ధంగా రాసిన ఎనిమిదులు కొట్టేసి సున్నాలు వేశాను.

జబ్బు పడ్డాక మా చెల్లి మాత్ర లేకుండా గడిపిన రోజులు: ఆరు.