పాలెంలో రెండో తనిఖీ

2018 మార్చిలో నన్ను నెల్లూరు జిల్లా తీరంలోని ఒక చిన్న అగ్నిమాపక కేంద్రానికి స్టేషన్ ఫైర్ ఆఫీసరుగా బదిలీ చేశారు. మా శాఖలో ఫైర్‌మన్, ఆపైన లీడింగ్ ఫైర్‌మన్, ఆపైన స్టేషన్ ఆఫీసరు. పేరుకు ఆఫీసరే గాని, బండి కదిలితే ముందు సీట్లో కూర్చోవలసిందీ, పని చెడితే మాట పడవలసిందీ అతనే. అంతకుముందు నాలుగేళ్లు కృష్ణపట్నం వైపు పనిచేశాను. అక్కడ బొగ్గు, నూనె, గోదాములు. ఇక్కడ ఒక్క బండి, పదకొండు మంది సిబ్బంది, రొయ్యల గుంటలు, వాటికవతల సముద్రం ఒడ్డున జాలర్ల పాలేలు. హమ్మయ్య, కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు అనుకున్నాను.

ఏప్రిల్ మధ్యలో మాకు అగ్నిమాపక వారోత్సవాలు వస్తాయి. ఊరూరా తిరిగి గ్యాస్ సిలిండరు అంటుకుంటే ఏం చేయాలో చూపిస్తాం. సరిగ్గా ఆ రోజుల్లోనే సముద్రంలో చేపల వేటకు రెండు నెలల నిషేధం మొదలవుతుంది. మగవాళ్లంతా ఇంటిపట్టున ఉంటారు, చెప్పింది వినడానికి మనుషులు దొరుకుతారు. అందుకే మొదట ఒక పాలేన్ని ఎంచుకున్నాను. సిలిండరు వెలిగించి, తడి గోనెపట్టా కప్పి ఆర్పి చూపించాను. తర్వాత ఆడవాళ్లలో ఎవరైనా రండమ్మా అంటే ముప్పై ఏళ్ల మనిషి ఒకామె ముందుకొచ్చింది. పేరు మంగమ్మ. బెదరకుండా గోనె కప్పి ఆర్పేసి, "ఇంతేనా సార్? దీనికేనా ఇంత పెద్ద బండేసుకొని వచ్చినారు?" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

తర్వాత ఇళ్లు చూశాం. సునామీ తర్వాత కట్టిన ఇళ్లు అవి. ముందు ఒక గది, దాని వెనక వంటిల్లు, వంటింట్లోంచి పెరట్లోకి ఒక తలుపు. దాదాపు ప్రతి వంటింట్లోనూ ఆ తలుపు పక్కన పడవ ఇంజన్ల పెట్రోలు క్యాన్లు ఉన్నాయి. ఒడ్డున వదిలితే దొంగలెత్తుకుపోతారని ఇంట్లో పెట్టుకుంటారు. పొయ్యికి నాలుగడుగుల దూరంలో పెట్రోలు! నాకు ఒళ్లు మండింది. కేకలేశాను, బతిమాలాను. తల ఊపుతారే గాని క్యాన్లు కదలవు.

చివరికి పాలెం కాపు దగ్గరికి వెళ్లాను. ఈ పాలేల్లో కులపెద్దను కాపు అంటారు. ఆయనా పెద్దలూ కూర్చుని కట్టడి చేస్తే అది దురాయి. దురాయి దాటినవాడిని ఎవరూ వేటకు కలుపుకోరు. ప్రభుత్వం కాగితానికి లేని బలం దానికుంది. ఇళ్లలో పెట్రోలు ఉండకూడదని దురాయి వేయించాను. ఒడ్డున రేకుల షెడ్డు కట్టి, తాళం వేసి, వంతులవారీగా కాపలా పెట్టుకున్నారు. వారం తిరిగేసరికి ఇళ్లలో ఒక్క క్యాను మిగల్లేదు. నా సర్వీసులో ఏ ఊళ్లోనూ నా మాట అంతగా నెగ్గలేదు. పై అధికారికి పంపిన నివేదికలో ఆ సంగతి కాస్త గొప్పగానే రాసుకున్నాను.

మే మొదట్లో రెండో తనిఖీకి వెళ్లాను. మంగమ్మ భర్త పోలయ్య గడపలో కూర్చుని చిరిగిన వల బాగుచేసుకుంటున్నాడు. వంటింట్లో క్యాన్లు ఉన్నచోట ఇప్పుడు వలలు ఉన్నాయి. నిషేధం రోజుల్లో వలలను పడవల్లో వదలరు. ఎండకు నైలాను పెళుసెక్కుతుంది, అంచుకు కట్టిన సీసం గుండ్లను దొంగలు కోసుకుపోతారు. పెట్రోలు పోయి మూల ఖాళీ అయింది గనుక పోలయ్య వలలన్నీ తెచ్చి అక్కడ వేశాడు. కుప్ప ఛాతీ ఎత్తుకు లేచి వెనక తలుపుకు అడ్డంగా పరుచుకుంది. ఆ తలుపు లోపలికి తెరుచుకునేది.

"మీరన్నా చెప్పండి సార్ ఈయనకు. ఆ తలుపు తెరిచేదానికి లేకుండా చేసినాడు. గాలాడక ఉడికిపోతుండా" అంది మంగమ్మ.

పోలయ్య తలెత్తకుండానే, "రెండు నెలలే గదా సార్. యాడ పెట్టమంటారు?" అన్నాడు.

నేనేమన్నానో బాగా గుర్తుంది. మొగుడూ పెళ్లాల తగాదాలు తీర్చడం మా శాఖ పని కాదమ్మా అన్నాను. ఇద్దరూ నవ్వారు. నేను వెతుకుతున్నది పెట్రోలు, అది లేదు. రిజిస్టరులో ఆ ఇంటికెదురుగా 'సంతృప్తికరం' అని రాసి సంతకం పెట్టాను.

మే నెలాఖరున ఒక మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. పాలెంలో ఇల్లు అంటుకుంది. పిలుపు అందిన నిమిషంలోపు బండి గేటు దాటాలి, దాటింది. కాని దారిలో చివరి కిలోమీటరు రొయ్యల గుంటల గట్లు. నీళ్లతో నిండిన బండి అక్కడ మనిషి పరుగుకన్నా పెద్ద వేగంగా పోదు. మేం చేరేసరికి ముందు గది పూర్తిగా మండుతోంది. కూలరు, ఫ్రిజ్జు, టీవీ అన్నీ ఒకే బోర్డుకు తగిలించారు. వైరు కాలి పక్కనున్న పరుపు అంటుకుంది. పోలయ్య ఒడ్డున పడవకు రంగేస్తున్నాడు, కూతురు పక్కింట్లో ఆడుకుంటోంది. మంగమ్మ ఒక్కతే వంటింట్లో ఉండిపోయింది.

వంటింటి కిటికీకి ఇనుప చువ్వలు. నలుగురు మగవాళ్లు పెరట్లోంచి తలుపు తోస్తున్నా జానెడు కూడా కదలడం లేదు. లోపల సీసం బరువుతో వలలు బిగుసుకుని ఉన్నాయి. ఒక ఫైర్‌మన్ ముందు వైపునుంచి నీళ్లు కొడుతుంటే, లీడింగ్ ఫైర్‌మన్ గొడ్డలితో తలుపు పై చెక్కలు పగలగొట్టాడు. లోపలికి దిగడానికి ఆరేడు నిమిషాలు పట్టింది. మంట ఇంకా వంటింట్లోకి రాలేదు, పొగ వచ్చేసింది. ఆమె వలల కుప్ప మీద బోర్లా పడి ఉంది. రెండు చేతులూ మోచేతులదాకా వలలో చిక్కుకుని ఉన్నాయి. కుప్పను పక్కకు లాగాలని చూసినట్టుంది. నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది.

అగ్నిప్రమాద నివేదికలో 'కారణం' అని ఒక గడి ఉంటుంది. విద్యుత్ లోపం అని రాశాను. అది అబద్ధం కాదు. ఆమె ఎందుకు బయటికి రాలేకపోయిందో రాయడానికి ఆ కాగితంలో వేరే గడి లేదు, నేనూ గీయలేదు.

నాలుగో రోజున వాంగ్మూలం కోసం పోలయ్య దగ్గరికి వెళ్లాను. అతను నామీద కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

"పెట్రోలు తియ్యమన్నారు, తీసేసినాం సార్. వలలు తియ్యమని ఒక్క మాట అనుంటే అవీ తీసేసుంటా. మంగ చెప్తే నేను యినలా. మీరు చెప్పుంటే యినేవాణ్ణి" అన్నాడు.

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంటుంది.

ఆ తర్వాత మూడేళ్లకు పదవీ విరమణ చేశాను. ఇంట్లో మండేవి ఏమున్నాయో వెతకడం తనిఖీలో సగమే. అంటుకున్నాక మనిషి ఎటునుంచి బయటపడతాడో చూడటం మిగతా సగం, అది నేను చేయలేదు. ఆ మూడేళ్లూ ఏ ఇంటికి వెళ్లినా ముందు ఇంటావిడనే అడిగాను, మీ ఇంటి తలుపులన్నీ మీరొక్కరే తెరవగలరా అని. తెరిచి చూపించేదాకా సంతకం పెట్టలేదు. ఆ ప్రశ్న నాకు ఏ శిక్షణలోనూ నేర్పలేదు. మంగమ్మ నేర్పబోయింది, ఆమె బతికుండగా నేను నేర్చుకోలేదు.