నేను వెళ్ళకుండానే వెళ్ళివచ్చిన ఇల్లు

ఆ రోజుల్లో (మరీ పాత రోజులేం కాదు, రెండు వేల మూడో నాలుగో) రాయపూర్‌లోని మా తెలుగు మెథడిస్టు సంఘానికి పాస్టరుగారు నెలకొక్క ఆదివారమే వచ్చేవారు. మిగతా ఆదివారాలు మేమే నెట్టుకొచ్చేవాళ్ళం. పొద్దున హిందీవాళ్ళ ఆరాధన అయిపోయాక మధ్యాహ్నం చర్చి మా చేతికి వచ్చేది. వాక్యం ఒకరు చదివేవారు, ప్రసంగం ఇంకొకరు చెప్పేవారు, చాపలు మాత్రం అందరం మడిచేవాళ్ళం. వీటన్నిటి మీదా పెత్తనం మా లే లీడరుది, అంటే పాస్టరు కాకుండా సంఘాన్ని నడిపించే పెద్దమనిషిది. ఆయన్ని అందరం గార్డు తాతయ్య అనేవాళ్ళం. ఉద్యోగమంతా గూడ్సు బండి చివరి పెట్టెలో ఒంటరిగా కూర్చుని గడిపిన మనిషి కావడంతో, నలుగురు కనబడితే చాలు వాళ్ళను ఒక పద్ధతిలో పెట్టాలని చూసేవాడు.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. ధర్సీవా వైపు ఒక ఇనుము ఫ్యాక్టరీలో గేట్ పాసులు రాసే ఉద్యోగం. నా ఈడువాళ్ళందరూ హిందీ బళ్ళలో చదివినవాళ్ళు. తెలుగు తడబడకుండా చదవగలిగేది నేనొక్కణ్ణే. ఆ ఒక్క నేరానికి నన్ను క్లాస్ లీడరును చేశారు. సంఘంలో ఆరేడు ఇళ్ళకొక క్లాస్ లీడరు ఉంటాడు. నెలకోసారి ఆ ఇళ్ళకు వెళ్ళి, బాగోగులు కనుక్కుని, ప్రార్థన చేసి రావాలి. మొదటి ఆదివారం మీటింగులో లేచి నిలబడి రిపోర్టు చెప్పాలి. గార్డు తాతయ్య ఆ రిపోర్టును లావుపాటి రిజిస్టర్లో అక్షరం పొల్లుపోకుండా రాసుకుని, తిరిగి చదివి వినిపించేవాడు. జీతం లేదు కానీ, మా అమ్మ కాలనీలో చెప్పుకోవడానికి మాత్రం హోదా ఉండేది.

నా ఇళ్ళలో ఒకటి గుఢియారీలో రైలు పట్టాల పక్క సందులో ఉండేది. రైల్వేలో పనిచేసి పోయిన ఒకాయన భార్య, చూపు దాదాపు లేని ముసలావిడ, అందులో ఒక్కతే ఉండేది. ఎప్పుడూ కిటికీ వెనకే కూర్చుంటుందని ఆవిడ పేరు కిటికీ మామ్మ. మొదటిసారి మే నెల మిట్టమధ్యాహ్నం వెళ్ళాను. వీధిలో పిట్ట లేదు. ఇళ్ళన్నీ తలుపులు బిగించుకుని ఉన్నాయి. లోపల కూలర్లు గుర్రుమంటున్నాయి, బయట వడగాలి దుమ్మును లేపి నా మొహాన కొడుతోంది. నేనింకా తలుపు తట్టలేదు, చెప్పులు కూడా విప్పలేదు. మూసిన కిటికీ వెనక నుంచి సన్నటి గొంతు వినిపించింది. "వచ్చీసినావా? నీ కోసరమే కూకున్నాను." నన్ను ఆవిడ ఏనాడూ చూసి ఎరగదు, నేనొస్తున్నట్టు ఎవరూ చెప్పనూలేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. బైబిలు చంకలో పెట్టుకుని (దేవుడి వాక్యం చేతిలో ఉన్నవాడు భయపడకూడదని అప్పటికి నాకు తట్టలేదు) సందు చివరిదాకా ఒక్క పరుగు తీశాను.

మీటింగులో ఆ సంగతి చెప్పుకోలేను కదా. "వెళ్ళాను, మామ్మగారు తలుపు తీసి కూర్చోబెట్టారు, క్షేమంగా ఉన్నారు" అని చెప్పేశాను. గార్డు తాతయ్య తలెత్తి నా మొహం కాసేపు చూసి, రాసుకున్నాడు. ఒకసారి మొదలుపెట్టాక అబద్ధానికి సొంపులు అద్దడం నా చేతకాని పనేం కాదు. రెండో నెల ఆవిడకు సపోటాలు తీసుకెళ్ళి ఇచ్చాను, కీర్తన మూడు చరణాలూ పాడాను. మూడో నెల వానగాలికి టపటపా కొట్టుకుంటున్న కిటికీ రెక్కను ఇనుప తీగతో కట్టాను. ఇదంతా మా ఇంట్లో మంచం మీద వెల్లకిలా పడుకునే చేశాను.

నాలుగో నెల ఆరాధన ముగిశాక మహిళా సంఘంలోని మా అత్త నన్ను పక్కకు పిలిచింది. గుఢియారీ వెళ్ళినప్పుడు కిటికీ మామ్మను చూసి వచ్చిందట. మామ్మ నన్ను తెగ పొగిడిందట. సపోటాలు తియ్యగా ఉన్నాయని, పాట మూడు చరణాలూ పాడానని, కిటికీ రెక్క కట్టానని మరీ మరీ చెప్పిందట. అత్త నా తల నిమిరి వెళ్ళిపోయింది. నేను చేతిలోని చాపను ఆ ఆగస్టు ఉక్కలో మడిచి, విప్పి, మళ్ళీ మడిచాను.

ఆ మధ్యాహ్నమే వెళ్ళాను. వెళ్ళకుండా ఉండలేకపోయాను. సందులో అదే నిశ్శబ్దం, ఇళ్ళన్నీ మూసే ఉన్నాయి. కిటికీ రెక్కకు కొత్త ఇనుప తీగ, నేను చెప్పినట్టే, రెండు చుట్లు తిప్పి ముడేసి ఉంది. కిటికీ గట్టు మీద ఎండిన సపోటా గింజలు వరసగా పేర్చి ఉన్నాయి. వాటిని చూస్తుండగానే లోపల నుంచి గొంతు వచ్చింది.

"వచ్చీసినావా నాయనా? మొన్ననే వచ్చి ఎల్లినావు కదా. ఏటైనా మర్సిపోనావా?"

నేను నోరు తెరిచి "లేదు మామ్మా" అన్నాను.

"గొంతు మారిపోనాదేటి? జలుబు సేసినాదా?" చువ్వల మధ్య నుంచి ఒక చెయ్యి బయటికి వచ్చి నా మణికట్టు పట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటే తడిమింది. "సెయ్యి కూడా మెత్తబడిపోనాది" అని లోపల చిన్నగా నవ్వింది.

ఇక నాకు అనుమానం లేదు. నా పేరుతో, నా మాటలతో, నేను చెప్పిన పనులన్నీ చేస్తూ నాలాంటిదేదో ఈ సందులో తిరుగుతోంది. చెయ్యి విడిపించుకుని, సైకిలెక్కి, రైల్వే కాలనీలో గార్డు తాతయ్య ఇంటి ముందు దిగాను. మొత్తం కక్కేశాను. ఒక్కసారి తప్ప వెళ్ళలేదని, అన్నీ కల్పించానని, ఇప్పుడు అవన్నీ నిజంగా జరుగుతున్నాయని, నా ఆత్మ నా ఒంట్లో ఉందో లేదో చూసి ప్రార్థన చెయ్యమని చెప్పాను. తాతయ్య టీ సాంతం తాగి, కప్పు కింద పెట్టాడు.

"ఆ సపోటాల కోసరం ఎంత తిరిగేనో తెల్సేటిరా? ఆ నెల బజార్లో నేవు. ఇంకోపాలి ఏటైనా రాయించీటప్పుడు దొరికీది రాయించు."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. నా మొదటి అబద్ధమే ఆయనకు దొరికిపోయిందట. మామ్మ వీధి తలుపు చెక్క ఉబ్బి బిగుసుకుపోయి రెండేళ్ళయింది, దాన్ని తీసి ఎవర్నీ కూర్చోబెట్టే ప్రశ్నే లేదు. అప్పట్నుంచి ప్రతి మీటింగు తర్వాతా ఆయనే రిజిస్టరు చూసుకుని, అందులో ఏం రాసి ఉంటే అది చేసి వస్తున్నాడు. ఎవరని మామ్మ అడిగితే క్లాస్ లీడర్నని చెప్పేవాడట. ఆయన పాట ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆయన ఎత్తుకుంటే మా పియానో ఆవిడ వాయించడం ఆపేసేది. మూడు చరణాలు. మరి ఆ రోజే నన్ను నిలదీయకపోయారా అని అడిగాను.

"బండి బయిల్దేరిందని రిజిస్టర్లో రాసీసేక బండి కదలాలిరా" అన్నాడు. "నేపోతే ఎనకొచ్చీవోడు దాన్ని నమ్ముకొని సచ్చిపోతాడు. ఆ ముసల్ది నీ రిపోర్టు మీదే బతుకుతోంది. నువ్వు సూసొచ్చీసేవని సెప్తే ఇంకెవులెల్తారు?"

నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్లు తిని మర్చిపోయేవాణ్ణి. నేను హాయిగా పడుకుని క్షేమమని చెప్పిన ఒక్కో నెలా ఆ ఇంటికి ఎవరూ వెళ్ళకపోయి ఉంటే ఏమయ్యేదో అప్పుడే మొదటిసారి ఆలోచించాను. అందాకా నాకు దయ్యాల భయం ఒక్కటే తెలుసు. ఆ సాయంత్రం నా మీద నాకే భయం వేసింది. తాతయ్య నా దగ్గర ఒక్క మాట మాత్రం తీసుకున్నాడు, ఇదంతా మామ్మకు చెప్పకూడదని.

తర్వాతి నెల నుంచి నేనే వెళ్ళాను. పెరటి దారిన వెళ్ళి, ఆవిడ ఎదురుగా కూర్చుని చదివేవాణ్ణి, పాడేవాణ్ణి. (కిటికీ వెనక నుంచి ఆవిడ నాతో అన్న మొదటి మాట సందులో వినబడిన ప్రతి అడుగుల చప్పుడుకూ అనేదే. ఆ సందులో అడుగులు అంత అరుదు.) నేను బాగానే పాడతానని అందరూ అంటారు. మామ్మ మాత్రం ఏనాడూ మెచ్చుకోలేదు. ఆ చలికాలంలో గార్డు తాతయ్య మోకాళ్ళ నొప్పులతో మంచం పట్టాడు. ఆ నెల ప్రార్థన ముగించి లేవబోతుంటే మామ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ముందొచ్చిన నువ్వు బాగున్నాడేటి నాయనా? పాట రాపోయినా ఆకరిదాకా పాడీవోడు."

బాగున్నాడని చెప్పాను. ఈసారి రిపోర్టు ఒక్క రోజు ముందుగా, సైకిలు మీద వెళ్ళి, మంచం పక్కన నిలబడి చెప్పాను. తాతయ్య ఏమీ రాసుకోలేదు. గోడవైపు తిరిగి పడుకుని, వెళ్ళి టీ తాగమన్నాడు. ఇప్పుడు నాకు నలభై దాటి నాలుగైదేళ్ళు. ఆ కుర్రాణ్ణి, చంకలో బైబిలుతో ఎండలో పరుగెత్తిన ఆ వెర్రివాణ్ణి, తలుచుకుంటే నవ్వొస్తుంది. వాణ్ణి చూసి నవ్వుకునేంత మంచివాణ్ణి అయ్యానా అంటే, మామ్మ ఇప్పుడుండి నా చెయ్యి తడిమితే గానీ తెలియదు.