జవాబు రానిదే స్విచ్ ముట్టొద్దు

2000వ సంవత్సరం వేసవిలో నన్ను మా లిఫ్టుల కంపెనీ పంజాగుట్ట శాఖకు ట్రైనింగ్ ఆఫీసరుగా బదిలీ చేశారు. పదో తరగతి తర్వాత ఐటీఐ ముగించి వచ్చిన కుర్రాళ్లను ఏడాదిపాటు అప్రెంటిస్‌లుగా తయారుచేయడం నా పని. చివర్లో నేను ‘యోగ్యుడు’ అని రాస్తేనే సర్టిఫికెట్, ఆపైన ఉద్యోగం.

మొదటిరోజు నేర్పే పాఠం ఒకటే. లిఫ్టు పనికి ఇద్దరు వెళ్లాలి. ఒకరు మేడ మీది మెషిన్ రూములో, ఒకరు కింద లిఫ్టు గుంతలో. పైవాడు ‘మెయిన్ ఆన్ చేస్తున్నా’ అని కేకేస్తే, కిందవాడు అదే మాట తిరిగి చెప్పాలి. జవాబు రానిదే స్విచ్ ముట్టకూడదు. నాకు కోపం ముక్కుమీదే ఉండేది. ఈ ఒక్క విషయంలో మరిచిపోయినవాణ్ణి చెడామడా తిట్టేవాణ్ణి.

అమీర్‌పేటలో అప్పుడు ఎటు చూసినా కంప్యూటర్ కోచింగ్ సెంటర్లే. ప్రతి భవనానికీ లిఫ్టు కావాలి, మా దగ్గర మనుషుల్లేరు. శుభ్రం చేయడం, నూనె వేయడం లాంటి చిన్న పనులకు అప్రెంటిస్‌లను ఒక్కొక్కరినే పంపడం మొదలుపెట్టారు మేనేజరు. వద్దన్నాను. “మనుషులెక్కడున్నారండీ రావుగారూ? అందరూ జావా నేర్చుకుంటున్నారు,” అన్నారాయన.

వానాకాలంలో ఫిర్యాదు వచ్చింది. అమీర్‌పేటలోనే మైత్రీవనం దగ్గరి ఒక కాంప్లెక్సులో పనికి వేసిన సలీం అనే కుర్రాడికి మతి చలించిందట, మేడ మీద ఒక్కడే రెండు గొంతులతో మాట్లాడుతున్నాడట. ‘అయోగ్యుడు’ అని రాసి పంపించెయ్యమన్నారు మేనేజరు. సలీంది ఖైరతాబాద్, పద్దెనిమిదేళ్లు. ఆ ఒక్క మాట రాస్తే వాడి చదువంతా బూడిదలో పోసిన పన్నీరే.

వెళ్లి మెషిన్ రూము బయట నిలబడ్డాను. లోపల “మెయిన్ ఆన్ చేస్తున్న” అని కేక. కాసేపు నిశ్శబ్దం. తర్వాత అదే గొంతు, కాస్త మారి, “మెయిన్ ఆన్ చేస్తున్న” అంది. అప్పుడు స్విచ్ పడిన చప్పుడు.

ఏమిట్రా ఇది అని గద్దించాను. “జవాబు రానిదే ముట్టొద్దని మీరే చెప్పిన్రు గద సార్. జవాబిచ్చేటోడు లేడు. గందుకే నేనే ఇచ్చుకుంటున్న,” అన్నాడు. తలెత్తకుండానే చెప్పాడు: “పొద్దుగాల కెల్లి మాపుదాంక ఎవ్వరు మాట్లాడరు సార్. నా స్కూల్ దోస్తులు సుత గీ లిఫ్ట్‌లనే క్లాసులకు పోతరు. నన్ను జూసి బటన్ల దిక్కు జూస్తరు.”

ఆ రోజంతా కింద నిలబడి వాడి ప్రతి కేకకూ నేనే జవాబిచ్చాను. మొదటిసారి నా మాట విన్నాక వాడు స్విచ్ వేయడానికి చాలాసేపు పట్టింది.

నివేదికలో ‘యోగ్యుడు’ అని రాశాను. ఒంటరిగా పంపడం మానకపోతే ఇకపై ఏ అప్రెంటిస్ పత్రం మీదా సంతకం పెట్టనని కింద చేర్చాను. మేనేజరు నాతో నెలరోజులు మాట్లాడలేదు. సలీంకి మాత్రం జోడీ దొరికింది.

బడిలో పేరు పిలిస్తే పలికి, పక్కవాడి భుజం తగులుతూ పదేళ్లు కూర్చున్న పిల్లవాణ్ణి మనం ఒక్క రోజులో ఒంటరి గదిలోకి పంపి, దాన్ని ఉద్యోగం అంటాం. పని చేతులకు ఎలాగూ వస్తుంది. బదులు పలికే మనిషిని మాత్రం మనమే పెట్టాలి.