నా వాటా పాలు

ఫిబ్రవరి నెలాఖరులో ఒక శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకి హైదరాబాదులో కువైట్ విమానం ఎక్కాను. ఒంటరిగా దేశం దాటడం అదే మొదటిసారి. రెండేళ్ళ పాపని రాజమండ్రిలో మా అమ్మ దగ్గర వదిలాను. ఈ ప్రయాణం కోసమే నెల ముందు దాని చేత పాలు మాన్పించాను. విమానం కదిలేలోపు మూడుసార్లు ఫోన్ చేసి పెరుగన్నం తిందా, ఒళ్ళు వెచ్చగా ఉందా అని అడిగాను. మూడోసారి అమ్మ విసుక్కుంది. "నిన్ను పెంచినదాన్నే. దీన్ని చూసుకోలేనా?"

నన్ను పెంచింది అమ్మ. కన్నామె కువైట్‌లో ఉంది. పేరు కరుణమ్మ. జాబ్రియా అనే చోట ఒక అరబ్బుల ఇంట్లో పని చేస్తుంది. ఆమెని చూడడానికే వెళ్తున్నాను.

మా అమ్మానాన్నలు వైదిక బ్రాహ్మలు, ఇద్దరూ పచ్చని మనుషులు. నేను బాగా నలుపు. నా జుట్టు లాగి వదిలితే మళ్ళీ చుట్టుకుపోతుంది. చిన్నప్పుడు మామ్మ ఏళ్ళ తరబడి నాకు నలుగు పెట్టింది, జుట్టు సాగుతుందని ఆముదం పట్టించింది. పేరంటాల్లో కాళ్ళకి పసుపు రాస్తూ వచ్చే చెయ్యి నా దగ్గరికి వచ్చేసరికి ఒక్క క్షణం ఆగేది. అమ్మ ఆ గిన్నె అందుకుని తనే రాసేది. పూజలో పురోహితుడు గోత్రం అడిగితే నాన్న అవసరమైన దానికంటే గట్టిగా చెప్పేవారు, ఎవరో కాదంటారన్నట్టు. "ఇంతకీ ఎవరి పోలిక?" అన్న ప్రశ్న ప్రతి పెళ్ళిలోనూ వచ్చేది. తెలిసినవాళ్ళే అడిగేవారు.

నాకు పన్నెండో ఏడు వచ్చాక అమ్మ అంతా చెప్పింది. నాన్న కువైట్‌లోని షుఐబాలో ఇంజనీరుగా ఉన్నప్పుడు, తొంభైలో, ఇరాక్ యుద్ధం వచ్చింది. బస్సుల్లో ఇరాక్ మీదుగా జోర్డాన్‌లోని అమ్మాన్ చేరి, అక్కడి గుడారాల్లో విమానం కోసం ఎదురుచూశారు. పక్క గుడారంలో ఒక కోనసీమ ఆమె, కరుణమ్మ, నెలల పిల్లతో జ్వరపడి ఉంది. పన్నెండు రోజులు అమ్మే ఆ పిల్లని ఎత్తుకు తిరిగింది. పిల్ల తండ్రి ఇథియోపియా మనిషి, డ్రైవరు. చర్చిలో పెళ్ళయింది. యుద్ధంలో కనిపించకుండా పోయాడు. ఊరికి చేరాక కరుణమ్మ వాళ్ళు పిల్లని ఇంట్లోకి రానివ్వలేదు. యుద్ధం ముగిశాక పాత యజమానుల నుంచి కబురొస్తే, ఆమె ఏడాది పిల్లని తెచ్చి అమ్మ చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. తర్వాత దత్తత కాగితాలు రాయించారు.

నా కూతురి బారసాలలో ఒక బంధువు ఉయ్యాల మీదికి వంగి, జుట్టు చూసి, అదే ప్రశ్న అడిగింది. ఇన్నాళ్ళూ నన్ను అడిగితే సర్దుకున్నాను. రేపు పాపే నన్ను అడిగితే ఏం చెప్పాలి? రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. చివరికి అమ్మే పెట్టెలోంచి ఒక ఫోన్ నంబరు తీసి ఇచ్చింది.

ఫోన్‌లో కరుణమ్మగారు రమ్మన్నారు. ఒక షరతు పెట్టారు. తన బిడ్డ అమ్మాన్ గుడారాల్లోనే చనిపోయిందని ఆ ఇంట్లో చెప్పుకున్నారట. అందుకని చెల్లెలి కూతురిగా రావాలి. ఆ అబద్ధం ఎందుకో చెప్పలేదు. నేను ఒప్పుకున్నాను. ఒప్పుకున్నప్పటి నుంచి లోపల ఒకటే ఉండిపోయింది: అంత దూరం వెళ్తున్నాను, ఒక్కసారైనా "నా కూతురు" అంటుందా?

విమానంలో పక్క సీటులో కడప జిల్లా మనిషి, కువైట్‌లో వఫ్రా అనే చోట తోటల్లో పని. నేను ఫోన్‌లో మాట్లాడుతుంటే ఆశ్చర్యంగా విన్నాడు. "మీరు మన తెలుగోళ్ళేనా అక్కా? నేను సూడానోళ్ళేమో అనుకుంటి" అన్నాడు. తెలుగు తప్ప ఇంకేమీ సరిగా రాదన్నాను. సిగ్గుపడి తన ఖర్జూరం పొట్లం నా చేతిలో పెట్టాడు.

అక్కడి టైము అయిదింటికి దిగాం. విజిట్ వీసా ఇప్పించిన సూర్యం గారు, మా ఆయన స్నేహితుడు, కారు తెచ్చారు. ఫాహహీల్‌లో వాళ్ళ రెండు గదుల ఇంటికి ముప్పావు గంట. ఇక్కడే ఒక పొరపాటు చెప్పాలి, వెళ్ళేవాళ్ళకి పనికొస్తుంది. కరుణమ్మగారు ఆరాధన రోజున చర్చి దగ్గర కలుద్దామన్నారు. క్రైస్తవుల ఆరాధన అంటే ఆదివారమేగా అని నేను శుక్రవారం సాయంత్రం దిగేలా టికెట్ కొన్నాను. భోజనం వడ్డిస్తూ సూర్యం గారి భార్య లలిత నవ్వింది. "ఇక్కడ ఆదివారం అందరికీ డ్యూటీ అండీ. చర్చి అయినా సరే శుక్రవారమే. ఇవాళ పొద్దున్నే అయిపోయింది."

కరుణమ్మగారు ఆ పూటంతా చర్చి గేటు దగ్గర నిలబడి ఉంటారు. మళ్ళీ శుక్రవారానికి నేను ఉండను, మంగళవారం సాయంత్రం తిరుగు విమానం. ఫోన్ చేశాను. కోప్పడలేదు. సోమవారం నాలుగింటికి ఇంటికే, వంటగది వైపు తలుపుకి రమ్మన్నారు. "మామా పడుకునుంటాదండి ఆ టైముకి" అన్నారు. మామా అంటే ఇంటి యజమానురాలు.

సోమవారం రెండున్నరకి బస్సెక్కాను. పావు దీనారు టికెట్. ఆడవాళ్ళు ముందు సీట్లలో కూర్చుంటారు. గంట పైనే పట్టింది. జాబ్రియాలో రోడ్లన్నీ ఒకేలా ఉన్నాయి, ఇసుకరంగు గోడలు, గోడ పక్కన కార్లు. రెండుసార్లు దారి తప్పి, నాలుగు దాటాక ఆ తలుపు తట్టాను.

తలుపు తీసినామె సన్నగా, నా భుజం వరకే ఉంది. జుట్టు తిన్నగా, సగం నెరిసి ఉంది. కౌగిలించుకుంటుందని అనుకున్నాను. ఆమె చేతులు తుడుచుకుని, ఎదురుగా నిలబడింది. తర్వాత ఒక వేలితో నా జుట్టు చివర ముట్టుకుంది.

"ఎండలో వచ్చేరా? కూర్చోండి. పళ్ళు కోసేనండి. మీరు మా చేతి వంట తినరు కదండి. ఈ పళ్ళెం కొత్తది. దీంట్లో మాంసం ఎప్పుడూ పెట్టలేదండి."

కన్నతల్లి నన్ను అండీ అంటోంది. తింటానన్నాను, ఏదైనా తింటానన్నాను. నమ్మలేదు. అమ్మ ఆరోగ్యం అడిగారు. పాప ఫోటోలు చూపిస్తే ఫోన్ దూరంగా పెట్టుకుని చూశారు, తడి చేతులతో పాడవుతుందని.

అంతలో మామా వంటగదిలోకి వచ్చింది. యాభై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పితో మెల్లిగా నడుస్తోంది. కరుణమ్మగారు అరబ్బీలో చెల్లెలి కూతురని చెప్పారు. మామా అతిథిని వంటగదిలో కూర్చోబెట్టడమేమిటని గదమాయించి, నన్ను ముందుగదిలోకి తీసుకెళ్ళింది. ఆమెకి ఇంగ్లీషు వచ్చు. తర్వాతి మాటలు కొన్ని నేను నేరుగా విన్నవి, కొన్ని కరుణమ్మగారు తర్వాత చెప్పినవి.

మామా కొడుకు ఆఫీసు నుంచి వచ్చాడు. పేరు బదర్, ఇరవై మూడేళ్ళు. పరాయి ఆడదాన్ని చూసి గుమ్మంలోనే ఆగి, తల దించుకుని సలాం చెప్పాడు. కరుణమ్మగారి నెత్తి మీద ముద్దు పెట్టి మేడ మీదికి వెళ్ళిపోయాడు. ఇంట్లో పనిచేసే మనిషికి ఎవరూ అలా చెయ్యరు. నేను అదే ఆలోచిస్తుండగా మామా పాప ఫోటో అడిగింది. చూసింది. ఫోటో నుంచి తలెత్తి నన్ను చూసింది, మళ్ళీ ఫోటో చూసింది.

"డేనియల్" అంది.

ఆ పేరు నేను అంతకుముందు వినలేదు. మా ఇంట్లో ఎవరికీ తెలియదు. డేనియల్ యుద్ధానికి ముందు మామా పుట్టింట్లో డ్రైవరట. కరుణమ్మగారు కూడా అప్పుడు ఆ ఇంట్లోనే. నా నుదురు, నా జుట్టు ఎవరివో నా కంటే ముందు ఆవిడకి తెలిసింది.

టీ తెస్తున్న కరుణమ్మగారు ట్రే కింద పెట్టేశారు. ఇంకొక అబద్ధం ఆడవచ్చు. ఆడితే నేను సాయపడేదాన్ని కూడా. ఆమె ముందు అరబ్బీలో అన్నారు, తర్వాత ఎందుకో తెలుగులో మళ్ళీ అన్నారు, మామాకి అర్థం కాకపోయినా.

"నా కూతురే. చచ్చిపోలేదు. నేనే వదిలేసి వచ్చేను."

నేను విందామని వచ్చిన మాట అదే. సంతోషించే వ్యవధి దొరకలేదు. మామా ముఖం పాలిపోయింది.

విషయం ఇదీ. కరుణమ్మగారు తిరిగి వచ్చినప్పుడు మామా బాలింత. జ్వరంతో పాలు పడలేదు, కొట్లలో పాల డబ్బాలు లేవు. కరుణమ్మగారికి ఇంకా పాలు ఇంకిపోలేదు. మామా తల్లి ఒక్కటే అడిగిందట: నీ బిడ్డ ఉందా? ఉంటే ఆ పాలు దాని వాటా, మేం తీసుకోకూడదు. ఊళ్ళో నిలవనీడ లేని కరుణమ్మగారు, ఈ పనీ పోతుందని, బిడ్డ పోయిందని చెప్పారు. బదర్ రెండేళ్ళ వరకు ఆ పాలే తాగాడు. వాళ్ళ ధర్మంలో పాలిచ్చిన మనిషి తల్లే. ఆమె పిల్లలు ఆ బిడ్డకి తోబుట్టువులు.

మామా మేడ మీదికి కేకేసింది. బదర్ దిగి వచ్చాడు. ఆమె చెబుతుంటే అతని కళ్ళు నేల మీదే ఉన్నాయి. చెప్పడం అయ్యాక తలెత్తి సూటిగా నా ముఖంలోకి చూసి, దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు. నేనూ చెయ్యి కలిపాను. వేడిగా, గట్టిగా ఉంది ఆ చెయ్యి. ఆ బలం కొంత నాదే కదా అన్న ఆలోచన వచ్చింది, సిగ్గేసింది, అయినా పోలేదు.

అప్పుడు మామా నా పక్కకి వచ్చి కూర్చుంది. "నీ వాటా నా కొడుకు తాగాడు. నాకు తెలియదు. అయినా తాగాడు. మాఫీ చేశానని నువ్వు నోటితో చెప్పాలి" అంది.

నేను చెప్పలేకపోయాను. చదువుకున్నదాన్ని, ఒక్క మాట మర్యాదకైనా అనవచ్చు. పాలు మాన్పించిన మొదటి వారం పాప నా జాకెట్టు పట్టుకుని ఏడ్చిన ఏడుపు చెవుల్లో ఉంది. నేనూ అలాగే ఏడ్చి ఉంటాను, రాజమండ్రిలో, వేరే మనిషి భుజం మీద. ఆలోచించుకుంటానన్నాను. మామా తల ఊపింది. ట్రేలో టీ ముట్టుకోలేదు. మాఫీ దొరికేదాకా నీ చేత్తో ఏమీ పుచ్చుకోలేనని కరుణమ్మగారితో అంది. అరవలేదు, ఆమె నివాస అనుమతి, ఇఖామా, రద్దు చేయిస్తానన్న మాట, పంపించేస్తానన్న మాట ఎత్తలేదు. అరిచినా నయమనిపించింది.

మంగళవారం సాయంత్రం విమానాశ్రయానికి బదర్ కారులో తీసుకెళ్ళాడు. కరుణమ్మగారు నా పక్కన కూర్చున్నారు. ఉదయం నుంచి మామా కాఫీ తనే కలుపుకుంటోందట, మోకాళ్ళు పట్టుకుని. ఇరవై మూడేళ్ళలో ఆమె ఆ పొయ్యి దగ్గరికి రావడం అదే మొదటిసారట. విమానాశ్రయం గుమ్మం దగ్గర బదర్ ఒక కవరు ఇచ్చాడు, వాళ్ళమ్మ ఆల్బంలోంచి తీసి పంపిన ఫోటో. తెల్ల కారుకి ఆనుకుని ఒక మనిషి నవ్వుతున్నాడు. నా నుదురు, నా పాప జుట్టు.

"నువ్వు మాఫీ చెప్పకపోయినా పర్లేదమ్మా" అన్నారు కరుణమ్మగారు. అండీ ఎప్పుడు పోయిందో గమనించలేదు. "ఆ పాపం నాది. వాళ్ళది కాదు. నీదసలే కాదు."

కౌగిలించుకున్నాను. నా చేతుల్లో చిన్నపిల్లలా ఉన్నారు. అయినా ఆ మాట నోటికి రాలేదు.

తెల్లవారుజామున హైదరాబాదు. సికింద్రాబాదులో మధ్యాహ్నం రైలు పట్టుకున్నాను. ఇడ్లీ కొని తినలేక పక్కన పెట్టాను. ఎందుకు చెప్పలేకపోయానో రైల్లో కూర్చుంటే కొంత తెలిసింది. ఇది నీది, నీ దగ్గర తీసుకున్నాం అని అంతకుముందు నన్ను ఎవరూ అనలేదు. మా ఇంట్లో నాకు దొరికిందంతా అమ్మానాన్నలు నా కోసం గట్టిగా మాట్లాడి ఇప్పించినది. నాకంటూ హక్కు ఉందని ఒప్పుకున్న మొదటి మనిషి ఆ జాబ్రియా ఆవిడ. ఆ ఒక్క హక్కునీ వదులుకోబుద్ధి కాలేదు.

పట్టుకుని మాత్రం ఏం చేస్తాను? ఆ వంటగదిలో ఒకామె, ఎవరూ తాగని టీ ముందు నిలబడి ఉంది. పాప అడిగితే చెప్పడానికి ఒక పేరూ ఫోటో నా సంచిలో ఉన్నాయి. అవి ఇచ్చింది మామాయే.

విజయవాడ దాటాక ఫోన్ చేశాను. అక్కడ మూడు కావస్తోంది. స్పీకరు పెట్టి మామా దగ్గరికి తీసుకెళ్ళమన్నాను. ఇంగ్లీషులో చెబుదామనుకున్నాను గానీ తెలుగే వచ్చింది.

"మాఫీ చేశాను. బదర్ తాగినవి నేనిచ్చినట్టే అనుకోమనండి."

కరుణమ్మగారు అరబ్బీలో చెప్పారు. తర్వాత మామా ఏదో చిన్నగా అంది.

ఏమందని అడిగాను.

"టీ పెట్టమంటందమ్మా" అన్నారు కరుణమ్మగారు. "ఉంటాను మరి. నీళ్ళు పొయ్యి మీద పెట్టాలి."