షఫీవుల్లా అద్దాలు

అద్దాలు కుదరందే షఫీవుల్లా బండి కదిలించడు. యముడే వచ్చి వెనక సీట్లో కూర్చుని పోనీమన్నా, ముందు దిగి అద్దం సర్దమంటాడు.

మా అన్న జయరామ్‌కు చిత్తూరు బస్టాండు పక్కన ఒక అంబాసిడర్ టాక్సీ ఉండేది. పొద్దున షఫీవుల్లా తోలేవాడు, మధ్యాహ్నం నుంచి మునస్వామి. బాడుగలకు జనాన్ని పిలిచే పని నాది. డెబ్బై ఆరో సంవత్సరం, వానల్లేని ఏడు. మా టాక్సీ ఎక్కేవాళ్లలో చాలామంది వేలూరు ఆసుపత్రికి పోయే రోగులో, ఎవరో పోయారని కబురందిన బంధువులో. నవ్వే ముఖం చూసి ఎన్నాళ్లయిందో నాకే గుర్తులేదు. ఆ ఏడుపుల మధ్య మాకున్న వినోదమల్లా షఫీవుల్లా అద్దాలే.

బండికి రెండు పక్కలా అద్దాలు బిగించి, వాటి అంచుల మీదా, వాటిని పట్టుకున్న కమ్మీల మీదా రంగు చుక్కలు పెట్టాడు. పచ్చ చుక్కలు ఎదురెదురుగా వస్తే అద్దం తనకు కుదిరినట్టు, ఎర్ర చుక్కలు వస్తే మునస్వామికి కుదిరినట్టు. ఎడమ అద్దం డ్రైవరు సీట్లోంచి అందదు గదా, దానికి ప్రయాణికుడే దిక్కు. తిరుపతిలో వాయిదాకు ఆలస్యమై తల కొట్టుకుంటున్న వకీలు చేత కూడా, "రోంత కిందికి సార్, ఇంకా రోంత, సాలు" అని తిప్పించాడు.

మునస్వామికి బండి అప్పజెప్పేటప్పుడు తమాషా ఇంకా ముదిరేది. ఎర్ర చుక్కలు కలిసినా షఫీవుల్లాకు నమ్మకం లేదు. తానే డ్రైవరు సీట్లో, ఫొటో స్టూడియోలో కూర్చున్నట్టు మెడ బిగించుకుని, కనుగుడ్లు మాత్రం అటూ ఇటూ తిప్పుతూ నాచేత అద్దాలు సర్దించేవాడు. మునస్వామి ఓ మూల నిలబడి చూసేవాడు. అతనికి పొగరని స్టాండులో పేరు. ఎవరు పిలిచినా తల తిప్పడు, జమీందారులాగా మనిషంతా తిరుగుతాడు.

ఒకరోజు ఐరాలకు చావు బాడుగ. తండ్రి పోయి ఏడుస్తున్న కొడుకు చేత కూడా షఫీవుల్లా అద్దం తిప్పించాడు. ఆ అబ్బాయి చిన్నాయన వచ్చి మా అన్నను దుమ్మెత్తిపోశాడు. అన్న కిరసనాయిలు గుడ్డతో చుక్కలన్నీ తుడిచేసి, ఇంకోసారి అద్దం ముట్టుకుంటే పనిలోకి రావద్దన్నాడు.

ఆ మధ్యాహ్నం వేలూరు ఆసుపత్రికి పోవాల్సిన వసంతమ్మ అనే ముసలామె వెనక సీట్లో కూర్చుని ఉంది. షఫీవుల్లా తాళంచెవి మునస్వామికి ఇవ్వలేదు. ఆ బాడుగకు కూడా తానే పోతానన్నాడు. ఎందుకని అన్న ఎంత అడిగినా నోరు విప్పలేదు. తాళం అక్కడ పెట్టి ఇంటికి పొమ్మన్నాడు అన్న. షఫీవుల్లా తాళం బానెట్ మీద పెట్టి, తువ్వాలు భుజాన వేసుకుని కదిలాడు.

అప్పుడు మునస్వామి మనిషంతా అన్నవైపు తిరిగాడు.

"తప్పు నాదన్నా. మామిడికాయల లారీ మీద నుంచి పడినప్పట్నించి నాకు మెడ తిరగదు. తెలిస్తే పనిలోంచి తీసేస్తావని చెప్పలా. తల తిప్పకుండానే ఎనకంతా కనపడేటట్టు అద్దాలు పెట్టిచ్చేది ఈయప్పే."

ఫొటోకు కూర్చున్నట్టు షఫీవుల్లా బిగించుకునే ఆ మెడ ఎవరిదో మాకు అప్పుడు తెలిసింది.

అన్న షఫీవుల్లాను వెనక్కి పిలిచి, నన్ను రంగు డబ్బాకు పంపాడు. వేలూరు దాకా పక్కన కూర్చుని తోలేది చూస్తాననీ, బాగుంటే పనికి ఢోకా లేదనీ మునస్వామితో చెప్పి, తానే ఎడమ అద్దం దగ్గర నిలబడ్డాడు. బాగానే కనపడుతోందని మునస్వామి అంటున్నా షఫీవుల్లా ఒప్పుకోలేదు. అన్న చేత పైకి తిప్పించాడు, కిందికి తిప్పించాడు, మళ్లీ పైకి తిప్పించాడు.

"మెల్లిగానే సర్దుకోండి నాయనా," అంది వసంతమ్మ వెనక నుంచి. "నా రోగం యాడికీ పోదులే."

ఆ ఏడు మా స్టాండులో అందరం కలిసి నవ్వింది అప్పుడే. షఫీవుల్లా ఒక్కడే నవ్వలేదు. అతనికి ఎడమ అద్దం ఇంకా కుదరలేదు.